పసుపు తిరిగిన నీళ్లు

ట్యాంకు ముసలాయన పొద్దు పొడవకముందే వీధుల్లో తిరుగుతూ ఇళ్ల కింద చెవి పెట్టి వింటున్నాడని పాలాయన భార్యకి ఎవరో చెప్పారట. ఆ చెప్పింది ఎవరో ఆవిడకి గుర్తు లేదట. ఆవిడ మా పక్కింటి కుట్టుమిషను వదినకి చెప్పింది. వదిన చొక్కాకి కాజాలు కుడుతూ మా అత్తయ్యకి చెప్పింది. అత్తయ్య, నేను ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పేదాకా కూడా ఆగలేక, గుమ్మంలోనే నాకు చెప్పింది.

"చేతిలో ఇనప కడ్డీ ఉంటుందట. ఒక కొస నేలకి ఆనిస్తాడట, ఇంకో కొస చెవికి పెట్టుకుంటాడట. కళ్లు మూసుకుంటాడట. ఎవరింట్లో ఏం మాట్లాడుకుంటున్నారో అంతా వినపడుతుందట."

"అత్తయ్యా, అది భూమిలో నీళ్ల గొట్టం ఎక్కడ కారుతోందో వినడానికి. ముప్పయ్యేళ్ల నుంచీ అదే పని. మీరూ రోజూ చూస్తూనే ఉన్నారు."

"చూశాననుకో. అప్పుడు నాకు తెలీదుగా."

ఏం తెలీదో చెప్పలేదు. లోపలికి వెళ్లి వంటింటి కిటికీ రెక్క మూసి, గొళ్లెం పెట్టింది. ఆ రెక్క నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన రోజు నుంచి మూసిన పాపాన పోలేదు. మూసేసరికి దాని వెనక గోడ మీద, రెక్క ఆకారంలోనే, సున్నం తెల్లగా బయటపడింది.

నీటిసరఫరా ఆఫీసులో నాది పరీక్షల ఉద్యోగం. పిల్లలకి పెట్టే పరీక్షలు కావు, నీళ్లకి. పొద్దున్నే ఐదారు వీధుల్లో కుళాయిల దగ్గర ఆగి, వేలెడంత గాజు గొట్టంలో నీళ్లు పట్టి, పరీక్ష మందు నాలుగు చుక్కలు వేసి వెలుగుకి ఎత్తి చూస్తాను. నీళ్లు పసుపు తిరిగితే అందులో క్లోరిన్ ఉన్నట్టు. అంటే పురుగు చచ్చింది, తాగొచ్చు. తిరగకుండా తేటగా ఉండిపోతే ట్యాంకు దగ్గరికి పరిగెత్తాలి. పదకొండేళ్లుగా ఆ పసుపు కనపడితేనే నాకు ప్రాణం కుదుటపడేది. పొద్దున గొట్టంలో ఆ రంగు చూశాకే నాకు కాఫీ రుచించేది.

ట్యాంకు దగ్గర ఉండేది వాల్వు బాబాయ్. ట్యాంకు కాళ్ల మధ్య కట్టిన ఒంటి గది ఆయన ఇల్లు. ఊళ్లో గొట్టాలు వేసినప్పుడు కూలీగా వచ్చాడు. పని అయిపోయి మిగతా కూలీలందరూ లారీ ఎక్కితే తనొక్కడూ ఎక్కలేదు. ఏ ఊరివాడో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. పెళ్లీ పెటాకులూ లేవు. "ఒక్కడివే ఎలా ఉంటావు బాబాయ్" అంటే, "ఒక్కణ్ణేమిటి తల్లీ, పన్నెండు వాల్వులున్నాయి, ఒక్కోదానికి ఒక్కో అలక" అనేవాడు. రెండు పూటలా బ్లీచింగ్ పౌడరు డ్రమ్ములో కలిపి, మడ్డి అడుక్కి దిగాక పైనీళ్లు మాత్రం ట్యాంకులోకి వదలాలి. వీధి వీధికీ వేళ ప్రకారం వాల్వు తిప్పాలి. కడ్డీతో గొట్టాలు వినాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకూ ఆ కడ్డీ ఇచ్చి వినమన్నాడు. బాగున్న గొట్టం నిద్రపోతున్న మనిషి ఊపిరిలా ఉంటుంది. చిల్లు పడ్డ చోట ఎవరో పళ్ల సందులోంచి సన్నగా ఈల వేస్తున్నట్టు ఉంటుంది. ఆ ఈల వినపడగానే నేను కడ్డీ వదిలేశాను. ఆయన నవ్వి, "భయపడకు, అది మనల్ని పిలవడమే" అన్నాడు.

అత్తయ్య కిటికీ మూసిన వారానికే ఊళ్లో ఎన్నికల వాళ్ల మైకులు మోగడం మొదలైంది.

ఛైర్మన్ పదవికి నిలబడ్డవాళ్లలో ఒకాయనకి జనమే నిదానంగారని పేరు పెట్టారు. ప్రతి నాలుగు మాటలకీ ఒకసారి "నిదానంగా ఆలోచించండి" అనేవాడు. మిగతా వాళ్లు గొంతు చించుకునేవారు. అరుపులకి మన చెవులు ఎప్పుడో మొద్దుబారిపోయాయి. ఈయన మైకు ముందు పెట్టుకుని కూడా, పక్కన కూర్చున్నవాడి చెవిలో చెప్పినట్టు చెప్పేవాడు. సరిగ్గా వినపడక జనం ముందుకి జరిగేవారు. జరిగి జరిగి ఒకరి భుజానికి ఒకరు ఆనుకుని, పిల్లలు దగ్గితే నోరు మూసి, ఊపిరి బిగబట్టి వినేవారు. అంతమంది ఒకచోట ఉండి అంత నిశ్శబ్దంగా ఉండటం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. పైనుంచి వెళ్తున్న కాకి రెక్కల చప్పుడు కూడా తెలిసేది.

"నేను ఎవరినీ ఏమీ అనడం లేదమ్మా. అడుగుతున్నానంతే," అనేవాడు. "మన ఇంట్లో పొయ్యి దగ్గరికి ముక్కూమొహం తెలియని మనిషిని రానిస్తామా? మరి ఊరంతా తాగే నీళ్ల మీద ఎవరు కూర్చున్నారు? ఎక్కడివాడు? మూటలో తెల్లగా ఏం మోసుకెళ్తున్నాడు? మనకెందుకు తెలియదు? తెలుసుకోవాలని ఇన్నేళ్లూ ఎందుకు అనిపించలేదు? నిదానంగా ఆలోచించండి. నేను చెప్పానని నమ్మొద్దు."

నమ్మొద్దన్నందుకే నమ్మారు. కాలేజీలో మా కెమిస్ట్రీ మేడం కూడా అచ్చం ఈ మాటే అనేది, "నేను చెప్పానని నమ్మకండి" అని. ఆవిడ అక్కడితో ఆపేది కాదు. "చేసి చూడండి" అనేది. నిదానంగారు ఆ సగం మాటే తీసుకున్నాడు.

ఆ తర్వాత నీళ్లు చేదెక్కాయి.

మొదట పాలాయన ఇంట్లో. తర్వాత బడిలో టీచర్లకి. నాలుగు రోజుల్లో వీధి మొత్తానికి. ఆఫీసు ఫోను ఆగకుండా మోగేది. నేను వెళ్లి పట్టి చూస్తే ఎప్పటి పసుపే, ఎప్పటి మోతాదే, వీసమెత్తు తేడా లేదు. అయినా తాగిన ప్రతివాళ్లూ మొహం చిట్లించి, నాలుక బయటపెట్టి చూపించేవారు. ఆ నాలుకల మీద ఏముంటుంది? నాలుకే ఉంటుంది.

ఒక ఆదివారం మా ఇంట్లోనే తేల్చేద్దామని కూర్చోబెట్టాను. అత్తయ్య, కుట్టుమిషను వదిన, వదిన ఎనిమిదేళ్ల కూతురు. రెండు గ్లాసులు పెట్టాను. ఒకటి కుళాయి నీళ్లు, రెండోది మా అమ్మావాళ్ల బావి నీళ్లు అని చెప్పాను. నిజానికి రెండూ మా వంటింటి కుండలోవే.

అత్తయ్య మొదటిది పుక్కిలించి ఉమ్మేసింది. "థూ, వేపాకు నమిలినట్టుంది." రెండోది తాగి, "అదీ నీళ్లంటే!" అంది.

వదినకీ అంతే. పిల్ల మాత్రం రెండూ గటగటా తాగేసి, "రెండూ నీళ్లే" అని ఆడుకోవడానికి పోయింది.

అప్పుడు అసలు సంగతి చెప్పాను. అత్తయ్య కాసేపు నా మొహం చూసి, "ఓసి నీ దుంపతెగ! అత్తగారికే పరీక్ష పెట్టావుటే!" అని నవ్వింది. హమ్మయ్య అనుకున్నాను. వదిన నవ్వలేదు. గ్లాసు నెమ్మదిగా కింద పెట్టి, మా వంటింటి వైపు చూసింది.

"అయితే వదినా," అంది, గొంతు తగ్గించి, "అది మన కుండల్లోకి కూడా వచ్చేసిందన్నమాట."

ఆవిడ వెర్రిది కాదు. మీటరు గుడ్డలో అరమీటరు ఎవరు కొట్టేశారో కళ్లతో కొలిచి చెప్పగల మనిషి. ఆ సాయంత్రం ఆవిడ వెళ్లాక నేను కుండలో నీళ్లు ముంచుకుని తాగాను. ఒక్క క్షణం, ఒట్టు, నాలుక చివర ఏదో చేదు తగిలింది.

ఆ మర్నాడు ట్యాంకు గది తలుపు మీద ఎవరో బొగ్గుతో పెద్ద చెవి బొమ్మ గీశారు. మూడో రోజు ఆయన సైకిలు సీటు కోసేశారు. నేను వెళ్లేసరికి బాబాయ్ ఆ సీటుకి గోనెగుడ్డ చుట్టి కుట్టుకుంటున్నాడు.

"వార్డు సభలో నిన్ను తీసెయ్యాలని తీర్మానం పెడుతున్నారు బాబాయ్. నేను అందరి ముందూ పరీక్ష చేసి చూపిస్తాను. కళ్లతో చూస్తే ఎవరు కాదంటారు?"

ఆయన సూది దారం కొరికి, "నన్ను తీసేస్తే తీసేశారు గానీ అమ్మాయ్, మందు ఎవరు కలుపుతారు? మూడో మలుపు దగ్గర గొట్టం గొంతు మారింది. పక్కనే మురుగుకాలవ. అది తవ్వి చూసేదాకా నన్ను ఉండనిమ్మని అడుగు. ఆ తర్వాత నేనే పోతాను," అన్నాడు.

అదీ నేను ఆ సభకి మోసుకెళ్లిన పని. ఒక మనిషిని ఒక మలుపు తవ్వేదాకా ఉండనివ్వడం.

సభ బడి హాల్లో పెట్టారు. కిటికీల్లో కూడా జనం. సాయంకాలపు ఎండ పడమటి కిటికీలోంచి ఏటవాలుగా వేదిక మీద పడుతోంది. మా ఆఫీసు ఇంజనీరుగారు ముందు వరసలో, ఎవరితోనూ చుట్టరికం లేనట్టు కూర్చున్నారు. బాబాయ్ గుమ్మం పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఆయన చుట్టూ ఒక మంచం పట్టేంత జాగా ఎవరూ తొక్కకుండా వదిలేశారు.

నేను వేదిక ఎక్కి, బడి కుళాయిలోంచే అందరూ చూస్తుండగా గొట్టంలో నీళ్లు పట్టించాను. "ఇదిగో, చూడండి" అన్నాను. చుక్కలు వేశాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. గొట్టాన్ని బొటనవేలితో మూసి ఒకసారి తలకిందులు చేసి, ఎండకి ఎత్తి పట్టాను.

నీళ్లు పసుపు తిరిగాయి. ఎండ వెనకనుంచి పడి ఆ రంగు గొట్టంలో దీపం వెలిగించినట్టు మండింది. పదకొండేళ్లలో అంత చక్కని పసుపు నేను చూడలేదు. నా మొహం మీద నవ్వు కూడా వచ్చి ఉంటుంది.

హాల్లో ఒకే ఒక్క శబ్దం లేచింది. అంతమందీ ఒకేసారి ఊపిరి లోపలికి లాగిన శబ్దం.

అప్పుడు వెలిగింది నా బుర్రకి. పసుపు మంచిదని నాకు తెలుసు. అది నాకు ఎంతగా తెలుసంటే, ఇంకొకరికి చెప్పాల్సిన సంగతని కూడా మరిచిపోయాను. వాళ్లు చూసింది, తేటగా ఉన్న తమ నీళ్లు తమ కళ్లముందే కామెర్ల రంగు తిరగడం.

"ఆగండి, ఇది మంచిదే, దీనర్థం..." అంటున్నాను. నా మాట నాకే వినపడలేదు. నిదానంగారు లేచాడు. హాలు సద్దుమణిగింది. ఆయన నా చేతిలోంచి గొట్టం లాక్కోలేదు. రెండు చేతులూ చాచి, పసిబిడ్డని అందుకున్నట్టు అందుకున్నాడు.

"ఎవరూ ఈ అమ్మాయిని ఏమీ అనొద్దు," అన్నాడు. "చదువుకున్న పిల్ల. ధైర్యంగా వచ్చి చూపించింది. తల్లీ, నాకు సైన్సు రాదు. ఒక్కటే అడుగుతాను. పసుపు రంగు వస్తే నీళ్లలో ఏదో ఉన్నట్టా, లేనట్టా?"

"ఉన్నట్టే, కానీ అది..."

"అది నీళ్లలో దానంతట అదే పుట్టిందా, ఎవరైనా కలిపారా?"

"కలుపుతారండీ, కలపాలి, లేకపోతే..."

"చాలమ్మా. పాపం, చెమటలు పడుతున్నాయి, కూర్చో."

గొట్టాన్ని జనం వైపు తిప్పి పట్టుకుని ఊరుకున్నాడు. నిమిషం పైనే దాన్ని మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు. ఆ పసుపు మచ్చ గోడ మీద, తలల మీద, మొహాల మీద మెల్లగా పాకింది. అది తమ మీదికి వచ్చినప్పుడు మనుషులు తల పక్కకి తప్పించడం నేను చూశాను.

బాబాయ్ లేచాడు. మాట్లాడటం చేతగాని మనిషి. కుళాయి దగ్గరికి వెళ్లి చెంబు నిండా పట్టుకుని, అందరి ముందూ ఎత్తిన చెంబు దించకుండా తాగేశాడు. మూతి తుడుచుకుని నిలబడ్డాడు. ఇక దీనికి ఏమంటారు అనుకున్నాను.

"వాడికి విరుగుడు తెలుసు," అన్నారు వెనకనుంచి ఎవరో.

"అలవాటు చేసుకున్నాడు, రోజుకింత," అన్నారు ఇంకెవరో.

తాగకపోతే ఏమనేవారో అదీ నాకు తెలుసు.

తీర్మానం రెండు వాక్యాలు. ట్యాంకు తాళాలు వార్డువాళ్లతో కొత్తగా వేసే కాపలా సంఘానికి ఇవ్వాలి. ఇకనుంచి నీళ్లలో ఎవరూ ఏమీ కలపకూడదు. నిదానంగారు "ఇది నా నిర్ణయం కాదు, మీది. ఇష్టమైతేనే చెయ్యెత్తండి" అన్నాడు. చేతులు లేచాయి. ఎవరి చేతులో చూడటం నావల్ల కాలేదు, నేల చూస్తూ కూర్చున్నాను. నేల మీద చేతుల నీడలు పడ్డాయి. ఏపుగా పెరిగిన చేను నీడలా ఉంది.

"వద్దనేవాళ్లు?" అన్నాడు.

నేను ఎత్తాను. నిజం చెప్పాలి కనుక చెప్తున్నాను. భుజం దాకా ఎత్తాను. చుట్టూ మొహాలు తిరిగేసరికి, ఆ చేత్తోనే జుట్టు సర్దుకున్నాను.

బయట మెట్ల మీద ఇంజనీరుగారిని పట్టుకున్నాను. "సార్, మీకు తెలుసుగా."

"నాకు తెలిస్తే ఏం లాభమమ్మా. ప్రజల నిర్ణయం. రాతపూర్వకంగా ఇచ్చారు కూడా," అని కాయితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

మర్నాడు పొద్దున్నే నేను పనికి బయల్దేరి మా వీధి మొదట్లోనే ఆగిపోయాను. నీళ్లొచ్చే వేళ. ఎప్పుడూ బిందెల చప్పుడు, తగవులు, నవ్వులు ఉండే వేళ. ఆ రోజు అలికిడి లేదు. ప్రతి గుమ్మంలోనూ ఒక మనిషి నిలబడి, చేతిలో చిన్న గాజు గొట్టం వెలుగుకి ఎత్తి పట్టుకుని చూస్తున్నారు. నిదానంగారి మనుషులు తెల్లవారకముందే ఇంటింటికీ గొట్టాలూ చుక్కల మందూ పంచారట. వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా ఎత్తిన చేతులు, వాటి కొసల్లో పసుపు చుక్కలు. నేను నడుస్తుంటే గొట్టం వెనకనుంచి కళ్లు నా వెంట తిరిగాయి.

జనం తమ నీళ్లు తామే పరీక్ష చేసుకోవాలని ఆఫీసుకి నేను ఇదివరకు మూడుసార్లు అర్జీ రాశాను.

ఆ పూటే కాపలా సంఘంవాళ్లు ట్యాంకు దగ్గరికి వెళ్లారు. కొట్టలేదు. అది మాత్రం వాళ్లు గట్టిగా చెప్పుకుంటారు, "ఒక్క దెబ్బ వేయలేదు" అని. గది చుట్టూ గుండ్రంగా నిలబడి, గొట్టాలు ఎత్తి పట్టుకుని, ఆయన సామాను సర్దుకుంటున్నంతసేపూ చూస్తూ ఊరుకున్నారట. కడ్డీ మాత్రం తీసేసుకున్నారు. దాన్ని కొస నేలకి తగలకుండా ఇద్దరు మోసుకుపోయారట.

బస్సు దగ్గర నన్ను చూసి బాబాయ్ రేకుపెట్టె దించాడు. "ఎక్కడికి పోతావు?" అంటే, "ఎక్కడైనా గొట్టాలుంటాయిగా" అన్నాడు. బస్సు కదిలేముందు కిటికీలోంచి వంగి, "పిలుస్తూనే ఉంటుంది తల్లీ, నువ్వన్నా విను," అన్నాడు. మళ్లీ ఆయన కబురు నాకు తెలియలేదు.

రెండో రోజు గొట్టాల్లో పసుపు కాస్త వెలిసిపోయింది. మూడో రోజు అక్కడక్కడ ఎండుగడ్డి రంగు. నాలుగో రోజు పొద్దున ఎవరి గుమ్మంలోనో ఒక్క కేక వినపడింది. "తేటగా ఉంది!" పక్కింట్లో ఇంకో కేక. వీధంతా గొట్టాలు ఎత్తి ఒకరికొకరు చూపించుకున్నారు. పాలాయన భార్య ఏడ్చేసింది. అత్తయ్య వంటింటి కిటికీ తెరిచింది. కుట్టుమిషను వదిన నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి, "చూడు వదినా, చూడు, అద్దంలా ఉంది! చేదు కూడా పోయింది" అని గొట్టం నా కళ్ల దగ్గర పెట్టింది.

చూశాను. నీళ్లు అద్దంలానే ఉన్నాయి. అందులోంచి వదిన కూతురు నవ్వుతూ కనపడింది.

"వదినా, మరగబెట్టి తాగండి. నా మాట విను," అన్నాను.

"విషం పోయాక కూడా మరగబెట్టడం దేనికి?" అంది నవ్వుతూనే. తర్వాత నవ్వు ఆపి, "ఈ మాట బయట అనకు వదినా. నిన్ను గురించి ఇప్పటికే అనుకుంటున్నారు," అంది.

నేను బయట అనలేదు. ఇంట్లో మరగబెట్టుకున్నాం. ఆవిరి ఎవరి కంటా పడకుండా ఈసారి కిటికీ నేను మూశాను.

మూడో మలుపు దగ్గర చాలాసార్లు నిలబడ్డాను. కడ్డీ లేదు. ఒకరోజు అటూ ఇటూ చూసి, చెప్పు జారినట్టు వంగి, నేలకి చెవి ఆనించాను. కింద ఎక్కడో లోతుగా, పళ్ల సందులోంచి, సన్నగా. నీళ్లు వదిలినప్పుడు ఈల. నీళ్లు కట్టేశాక విన్నదానికి ఇంకా భయం వేసింది. గుటకలు. మురుగు లోపలికి గుటకలు వేస్తోంది. లేచి చూస్తే ఎదురింటి గుమ్మంలో ఇద్దరు నన్నే చూస్తున్నారు.

మర్నాడు మా తలుపు మీద బొగ్గుతో చెవి బొమ్మ ఉంది.

నిదానంగారు గెలిచాడు. నెల తిరిగింది. ముందు పాలాయన ఇంట్లో ఇద్దరు అన్నం వద్దన్నారు. తర్వాత బడిలో హాజరు సగానికి పడిపోయింది. ఒక పొద్దున అద్దంలాంటి నీళ్లున్న గొట్టం ఎత్తి చూస్తున్న ఒక తల్లికి, గొట్టం వెనక కూతురి కళ్లు పచ్చగా కనపడ్డాయి. ఆ తల్లి కుట్టుమిషను వదినే. గొట్టం కడిగింది, మళ్లీ పట్టింది, మళ్లీ చూసింది. పచ్చదనం గొట్టంలో లేదు.

ఆసుపత్రి చాలక బడి వరండాలో మంచాలు వేశారు. ముప్పై, నలభై. అన్నీ పిల్లలవే. నేను మందు బిళ్లలు పంచడానికి సాయం వెళ్లేదాన్ని. తల్లులు నా చేతి నుంచి బిళ్ల తీసుకునేముందు అటూ ఇటూ తిప్పి చూసేవారు. ఒకావిడ వాసన చూసి, కొంగులో ముడి వేసుకుని, బిడ్డకి మాత్రం వేయలేదు.

నాలుగో రోజు పొద్దున నిదానంగారు వచ్చాడు. మైకు లేదు. అక్కర్లేదు కూడా. వరండా మొత్తం ఆయన గొంతు కోసం సర్దుకుని కూర్చుంది. మా ఇంజనీరుగారు వెనక ఫైలు పట్టుకుని నిలబడ్డారు. నిదానంగారు ఒక్కో మంచం దగ్గరా ఆగి, పిల్లల నుదుటి మీద చెయ్యి వేసి, వదిన కూతురి మంచం దగ్గరికి వచ్చేసరికి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కన్నీళ్లు నిజమైనవే. అది చూసి నాకు అన్నిటికన్నా భయం వేసింది.

"ఆ రోజు గొట్టంలో మీరే చూశారు, కామెర్ల రంగు," అన్నాడు. "నా అనుమానం నిజం కాకూడదని ఎంతో కోరుకున్నాను. ఆ ట్యాంకాయన వెళ్లిపోయి నెల దాటింది. మరి ఇప్పుడు ఎవరు చేస్తున్నట్టు? మందు ఎలా కలపాలో ఇంకా ఎవరికి తెలుసు? నేలకి చెవి పెట్టి వింటున్నది ఎవరు? నేను ఎవరినీ ఏమీ అనడం లేదు. అడుగుతున్నానంతే. నిదానంగా ఆలోచించండి."

ఆలోచించారు. తలలు ఒక్కొక్కటే నా వైపు తిరిగాయి. నా చేతిలో బిళ్లల డబ్బా ఉంది. దాని మూత బిగించి పట్టుకున్నాను. మంచాలకీ నాకూ మధ్య ఉన్న తల్లులు లేచి నిలబడ్డారు. నా చుట్టూ, ఒక మంచం పట్టేంత, జాగా ఖాళీ అయింది.

"ఎవరు చేశారో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. భయపడొద్దు. నేనున్నాను," అన్నాడు నిదానంగారు.

కుట్టుమిషను వదిన కూతురి కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని ఉంది. లేవలేదు. నా వైపు చూడలేదు. తడిగుడ్డ పిండుతూ, చొక్కా కొలత చెప్పినట్టు చెప్పింది.

"తెలియకేం అయ్యా. మందు వెయ్యొద్దని చేతులెత్తింది మేమేగా. నేనైతే రెండు చేతులూ ఎత్తాను."